ఆన్ కాగానే ఆగిపోయే ల్యాప్‌టాప్: విండోస్ 11 రికవరీ సాధనాల సమీక్ష

పవర్ బటన్ నొక్కగానే కంపెనీ లోగో వస్తుంది, దాని కింద చుక్కలు కాసేపు గుండ్రంగా తిరుగుతాయి, అంతలో తెర నల్లబడి లోగో మళ్ళీ మొదటినుంచి కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ ఇలా తనంతట తాను రీస్టార్ట్ అవుతూ ఉంటే చాలామంది దాన్ని సంచిలో పెట్టుకుని దగ్గరలోని రిపేర్ షాపుకు వెళతారు. అక్కడ తరచుగా వినిపించే మొదటి మాట "ఫార్మాట్ కొట్టాలి" అన్నదే. ఆ మాటకు సరే అనే ముందు ప్రయత్నించి చూడవలసిన సాధనాలు ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. విండోస్‌తో పాటు ఉచితంగా వచ్చి, డిస్క్‌లో ఒక చిన్న విడి భాగంలో (పార్టిషన్‌లో) ఉండే ఈ సాధనాల సముదాయాన్ని విండోస్ రికవరీ ఎన్విరాన్‌మెంట్ అంటారు. కళాశాల కంప్యూటర్ ల్యాబ్ బాధ్యత చూసేవాడిగా, విద్యార్థులూ బంధువులూ తెచ్చే ల్యాప్‌టాప్‌ల మీద నేను వీటిని ఎప్పటినుంచో వాడుతున్నాను. అందుకే ఇవి ఎంతవరకు పనికొస్తాయో, ఎక్కడ చేతులెత్తేస్తాయో వివరంగా రాయాలనిపించింది.

నా అభిప్రాయం ముందే చెబుతాను. విండోస్ ఫైళ్ళు, డ్రైవర్లు (పరికరాలను విండోస్‌తో కలిపి నడిపించే చిన్న ప్రోగ్రాములు), అప్‌డేట్ల వల్ల వచ్చిన తగాదాలకు ఇవి నిజంగా సమర్థమైన సాధనాలు. కానీ తాము ఏమి పరీక్షించాయో, ఏమి కనిపెట్టాయో వాడుకరికి విడమరచి చెప్పడంలో బాగా వెనుకబడి ఉన్నాయి. లోపం హార్డ్‌వేర్‌లో ఉంటే ఆ సంగతి సూచించే ఏర్పాటు కూడా దాదాపు లేదు. అందువల్ల వీటిని తెరవడానికి ముందే, లోపం ఎటువైపు ఉన్నదో మనమే కొంత తేల్చుకోవాలి.

అందుకు నేను మొదట చేసే పని ల్యాప్‌టాప్‌ను బయోస్ (విండోస్ కంటే ముందు యంత్రాన్ని నడిపే మూల ప్రోగ్రామ్) సెట్టింగ్స్‌లోకి తీసుకువెళ్ళి అరగంటపాటు అలాగే వదిలేయడం. ఆన్ అవుతుండగా డెల్ యంత్రాలలో ఎఫ్2, హెచ్‌పీ యంత్రాలలో ఎఫ్10 నొక్కితే ఆ పేజీ వస్తుంది. అక్కడ విండోస్‌కు ఇంకా పని మొదలు కాలేదు కాబట్టి, ఆ పేజీలో ఉండగానే యంత్రం ఆరిపోయినా, రీస్టార్ట్ అయినా తప్పు విండోస్‌ది కాదు. ఛార్జర్, బ్యాటరీ, మదర్‌బోర్డు, ఫ్యాన్, ర్యామ్‌లలో దేనినో అనుమానించాలి. కంపెనీ లోగో కూడా రాకుండా బీప్ శబ్దాలు వస్తున్నా, క్యాప్స్‌లాక్ లైటు ఒక లెక్క ప్రకారం ఆరి వెలుగుతున్నా అది హార్డ్‌వేర్ లోపాన్ని తెలిపే సంకేతమే. ఆ లెక్కకు అర్థం తయారీదారు ఇచ్చే మాన్యువల్‌లో ఉంటుంది. అలా కాకుండా బయోస్ పేజీలో అరగంట నిశ్చింతగా ఉండి, విండోస్ చుక్కలు తిరిగే దశలోనే పడిపోతూ ఉంటే అనుమానం డిస్క్ మీదికీ విండోస్ మీదికీ మళ్ళుతుంది. అదే పేజీలో డిస్క్ పేరు కనిపిస్తున్నదో లేదో కూడా చూడాలి. ఎస్ఎస్‌డీలు చెడిపోయేటప్పుడు పాత హార్డ్‌డిస్క్‌ల లాగా గరగర శబ్దం చేస్తూ హెచ్చరించవు, ఉన్నట్టుండి కనిపించకుండా పోయే సందర్భాలు ఎక్కువ.

దీని తరువాత తయారీదారు ఇచ్చిన డయాగ్నస్టిక్స్ నడపాలి. డెల్‌లో ఎఫ్12 నొక్కితే వచ్చే మెనూలో, హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఆపైన ఎఫ్2 నొక్కితే ఈ పరీక్షలు దొరుకుతాయి. ఇవి డిస్క్‌నూ ర్యామ్‌నూ విండోస్ ప్రమేయం లేకుండా పరీక్షించి, లోపం ఉంటే ఒక కోడ్ ఇస్తాయి. వారంటీ ఉన్న యంత్రమైతే సర్వీస్ సెంటర్‌లో మొదట అడిగేది ఆ కోడే కాబట్టి ఫోన్‌తో ఫోటో తీసి ఉంచుకోవడం మంచిది. ర్యామ్ మీద అనుమానం బలంగా ఉంటే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్ మీద పెట్టి, యంత్రాన్ని దానినుంచే ప్రారంభించి (బూట్ చేసి), రాత్రంతా పరీక్షకు వదలవచ్చు. దాని ఉచిత వెర్షన్ నాలుగు విడతల పరీక్ష చేస్తుంది, ఇంటి అవసరానికి అది చాలు. మైక్రోసాఫ్ట్ మీద నా మొదటి ఫిర్యాదు ఇక్కడిదే. విండోస్ 7 రికవరీ మెనూలో మెమరీ పరీక్ష నేరుగా కనిపించేది. ఇప్పటి మెనూలో అది లేదు. ప్రారంభ దశలోనే పడిపోయే యంత్రంలో ర్యామ్‌ను అనుమానించడం ఎంత సహజమో తెలిసి కూడా దాన్ని ఎందుకు తీసేశారో నాకు బోధపడలేదు.

హార్డ్‌వేర్ బాగానే ఉందనుకున్న తరువాత అసలు సాధనాలలోకి వెళ్ళాలి. విండోస్ వరుసగా రెండుసార్లు ప్రారంభం కాలేకపోతే ఆ తరువాతిసారి రికవరీ పేజీ తనంతట తానే వస్తుంది. రాకపోతే చుక్కలు తిరుగుతుండగా పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుని ఆపేయాలి, ఇలా రెండుసార్లు చేస్తే మూడోసారికి వస్తుంది. లాగిన్ పేజీ వరకు వచ్చి ఆ తరువాత పడిపోయే యంత్రమైతే, ఆ పేజీలోనే షిఫ్ట్ నొక్కి ఉంచి రీస్టార్ట్ ఎంచుకుంటే సరిపోతుంది. ఒకప్పుడు ఎఫ్8 నొక్కితే సేఫ్ మోడ్ (కొద్ది డ్రైవర్లతోనే విండోస్ తెరిచే పద్ధతి) వచ్చేదన్న విషయం మన తరంవారిలో చాలామందికి వేళ్ళకే గుర్తు. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఆ సదుపాయం మామూలుగా పనిచేయదు. బూటింగ్ వేగం పెరిగినందున ఎఫ్8 నొక్కే వ్యవధి లేదన్న కారణం నిజమే కావచ్చు. కానీ దానికి ప్రత్యామ్నాయంగా, నడుస్తున్న యంత్రాన్ని బలవంతంగా ఆపడమే సామాన్యుడికి దారి కావడం, అదీ తెర మీద ఎక్కడా చెప్పకపోవడం సరైన రూపకల్పన కాదు.

రికవరీ పేజీలో ట్రబుల్‌షూట్, ఆ తరువాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ అన్న చోటికి వెళితే ఆరేడు సాధనాలు కనిపిస్తాయి. అందరూ మొదట నొక్కేది స్టార్టప్ రిపేర్. 2007లో విస్టాతో వచ్చిన ఈ సాధనం బూట్‌కు కావలసిన ఫైళ్ళు ఉన్నాయా, డిస్క్ పార్టిషన్ల వివరాలు సరిగా ఉన్నాయా, బూట్ కాన్ఫిగరేషన్ చెదిరిందా అన్నవి వరుసగా చూసి, చేయగలిగితే సరిదిద్దుతుంది. విండోస్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి యంత్రం ఆగిపోయిన సందర్భాలలో ఇది చక్కగా పనిచేయడం నేను చూశాను. అయితే ఎక్కువసార్లు వచ్చే జవాబు "స్టార్టప్ రిపేర్ మీ పీసీని బాగుచేయలేకపోయింది" అన్న ఒక్క వాక్యమే. దాని కిందనే చిన్న అక్షరాలతో ఎస్ఆర్‌టీ ట్రెయిల్ అనే లాగ్ ఫైలు చిరునామా ఉంటుంది. ఆ వాక్యం చూసి నిరుత్సాహపడి ల్యాప్‌టాప్ మూసేసేవారే ఎక్కువ గాని, కావలసిన సమాచారమంతా ఆ ఫైలులోనే ఉంటుంది.

ఆ ఫైలు తెరవడానికి ఒక ఉపాయం ఉంది. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే కిటికీ) తెరిచి నోట్‌ప్యాడ్ అని టైప్ చేసి ఎంటర్ నొక్కితే నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. అందులో ఫైల్ మెనూలోని ఓపెన్ నొక్కి, అన్ని రకాల ఫైళ్ళూ కనిపించేలా మార్చుకుంటే డిస్క్‌లోని ఫోల్డర్లన్నీ చూడవచ్చు. విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32, అందులో లాగ్‌ఫైల్స్, అందులో ఎస్ఆర్‌టీ అన్న వరుసలో వెళితే ఆ లాగ్ దొరుకుతుంది. రికవరీలో ఉన్నప్పుడు మామూలు సీ డ్రైవ్‌కు డీ అనో మరొకటనో పేరు మారి ఉండవచ్చు కాబట్టి విండోస్ ఫోల్డర్ ఎందులో ఉందో చూసుకోవాలి. లాగ్‌లో ఒక్కొక్క పరీక్ష పేరు, దాని ఫలితం వరుసగా ఉంటాయి. సున్నా (లోపం లేదని అర్థం) వచ్చినవన్నీ దాటుకుంటూ చివరికి వస్తే మూలకారణం అన్న శీర్షిక కింద ఫలానా ఫైలు చెడిపోయిందనో, ఫలానా అప్‌డేట్ తరువాత యంత్రం ప్రారంభం కాలేదనో రాసి ఉంటుంది. ఒక డ్రైవర్ ఫైలు పేరు అక్కడ కనిపించిందంటే సగం పని అయిపోయినట్లే. ఇంత విలువైన సమాచారాన్ని నాలుగు ఫోల్డర్ల లోపల దాచిపెట్టి, తెర మీద మాత్రం చేతకాలేదన్న ఒక్క మాటతో సరిపెట్టడం ఈ సాధనంలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే లోపం.

అదే నోట్‌ప్యాడ్ కిటికీ మరో ముఖ్యమైన పనికి కూడా పనికొస్తుంది. ఓపెన్ కిటికీలో ఫైలు మీద మౌస్ కుడి బటన్ నొక్కి కాపీ చేసి, పెన్‌డ్రైవ్‌లోకి వెళ్ళి పేస్ట్ చేయవచ్చు. ఎంతవరకు కాపీ అయిందో చూపే గీత కనిపించదు, కాబట్టి ఓపికగా ఆగాలి. పెద్ద ఫోల్డర్లకు కమాండ్ ప్రాంప్ట్‌లోనే రోబోకాపీ ఆదేశం మేలు. యంత్రం తెరుచుకోకపోయినా పెళ్ళి ఫోటోలు, ప్రాజెక్ట్ రిపోర్టులు, లెక్కల ఫైళ్ళు ఈ దారిలో బయటికి తీయవచ్చని రిపేర్ షాపుల్లో పనిచేసేవారిలో కూడా కొందరికి తెలియదు. మిగతా ఏ ప్రయోగమైనా ఈ కాపీ పూర్తయిన తరువాతే చేయాలి. ముఖ్యంగా డిస్క్‌లో లోపాలు వెతికే చెక్‌డిస్క్ ఆదేశాన్ని ఆర్ అన్న అక్షరంతో కలిపి నడపమని చాలా వీడియోలలో మొదటి సలహాగా చెబుతారు. అది డిస్క్ మొత్తాన్ని అంగుళం వదలకుండా చదువుతుంది. బాగున్న డిస్క్‌కు దానివల్ల నష్టం లేదు గాని, చివరి దశలో ఉన్న డిస్క్‌కు ఆ శ్రమే ఆఖరిది కావచ్చు.

యంత్రం పడిపోయే క్షణంలో ఒక నీలి తెర రెప్పపాటు కనిపించి మాయమవుతున్నదా? దాన్ని ఆపి చదవాలి. స్టార్టప్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి రీస్టార్ట్ చేస్తే తొమ్మిది అంశాల జాబితా వస్తుంది. అందులో తొమ్మిదోది ఎంచుకుంటే పడిపోయిన వెంటనే రీస్టార్ట్ కాకుండా ఆ తెర అలాగే నిలుస్తుంది. 2025లో వచ్చిన మార్పుతో విండోస్ 11లో ఆ తెర నల్లగా మారింది, నీలి తెరలో 2016 నుంచి ఉంటూ వచ్చిన క్యూఆర్ కోడ్ కూడా పోయింది. ఆ కోడ్ ఎప్పుడూ ఒక సాధారణ సహాయ పేజీకే తీసుకుపోయేది కాబట్టి దానికి చింత లేదు. మనకు కావలసింది ఇంగ్లీషు క్యాపిటల్ అక్షరాలలో ఉండే స్టాప్ కోడ్ (యంత్రం ఎందుకు పడిపోయిందో తెలిపే పేరు), దాని పక్కన ఏదైనా డ్రైవర్ పేరు ఉంటే అది.

డబ్ల్యూహెచ్ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్ అన్నది ప్రాసెసర్, బోర్డు వంటి హార్డ్‌వేరే స్వయంగా లోపాన్ని తెలిపిందన్న సూచన. అది పదే పదే వస్తుంటే ఎన్నిసార్లు ఫార్మాట్ చేసినా ఫలితం ఉండకపోవచ్చు. మెమరీ మేనేజ్‌మెంట్ అని వస్తే ముందు ర్యామ్‌ను పరీక్షించాలి. దాన్ని తీసి, అంచులు శుభ్రం చేసి, మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టడంతో కుదుటపడిన యంత్రాలు ఉన్నాయి. ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్ అన్న కోడ్ గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అనవసరంగా ఫార్మాట్ అయ్యే ల్యాప్‌టాప్‌లలో ఈ కోడ్ వచ్చినవి చాలా ఉంటాయని నా అనుభవం. విండోస్ మొదలైంది గాని, తాను ఉన్న డిస్క్‌ను తానే చదవలేకపోయింది అని దీని అర్థం. ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న అనేక ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌ను వీఎండీ లేదా రెయిడ్ అన్న పద్ధతిలో నడిపేలా తయారీదారు అమర్చి పంపుతాడు. బయోస్‌ను డీఫాల్ట్‌కు మార్చినప్పుడో, మరెవరైనా అందులో వేలు పెట్టినప్పుడో అది ఏహెచ్‌సీఐ పద్ధతికి మారిందంటే విండోస్ దగ్గర ఆ సమయానికి సరైన డ్రైవర్ సిద్ధంగా ఉండదు, వెంటనే ఈ కోడ్‌తో పడిపోతుంది. మా విద్యార్థి ఒకరి ల్యాప్‌టాప్‌కు ఇదే జరిగితే, షాపులో డిస్క్ పోయిందనీ కొత్తది వేయాలనీ చెప్పారు. బయోస్‌లో ఆ ఒక్క సెట్టింగ్ పాత పద్ధతికి మార్చగానే ఫైళ్ళన్నిటితో సహా యంత్రం తెరుచుకుంది. ఈ కోడ్ వచ్చినప్పుడు ఆ సెట్టింగ్‌ను చూడమని రికవరీ పేజీలో ఒక్క వాక్యం పెట్టి ఉంటే ఎందరికో డబ్బూ డేటా మిగిలేవి.

స్టార్టప్ సెట్టింగ్స్ జాబితాలోనే నాలుగోది సేఫ్ మోడ్, ఐదోది ఇంటర్నెట్‌తో కూడిన సేఫ్ మోడ్. విండోస్‌కు తప్పనిసరి అయిన కొద్ది డ్రైవర్లతో మాత్రమే ఇది తెరుచుకుంటుంది. మామూలుగా పడిపోయే యంత్రం సేఫ్ మోడ్‌లో నిలకడగా నడిచిందంటే, కొత్తగా చేరిన డ్రైవర్‌నో యాంటీవైరస్ వంటి ప్రోగ్రామ్‌నో అనుమానించడానికి గట్టి ఆధారం దొరికినట్లే. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే డ్రైవర్‌ను పాత వెర్షన్‌కు మార్చడం, ఇటీవల వేసిన ప్రోగ్రామ్‌ను తీసేయడం అన్నవి అక్కడినుంచే చేయవచ్చు. అప్‌డేట్ తరువాత మొదలైన సమస్య అయితే సేఫ్ మోడ్ వరకు కూడా పోనక్కరలేదు. రికవరీ మెనూలోని అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ద్వారా చివరి నెలవారీ అప్‌డేట్‌నూ, లేదా చివరి పెద్ద వెర్షన్ మార్పునూ వెనక్కి తీసుకోవచ్చు. పెద్ద వెర్షన్ మార్పుకు మాత్రం మామూలుగా పది రోజుల గడువే ఉంటుంది. ఈ సాధనం అంటే నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. చెప్పిన పని మాత్రమే చేస్తుంది, ఫైళ్ళ జోలికి పోదు.

ఈ సేఫ్ మోడ్ విలువ ప్రపంచానికంతటికీ తెలిసివచ్చిన రోజు 2024 జూలై 19. క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలు వల్ల సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు ప్రారంభ దశలోనే పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. హైదరాబాద్ నుంచి కోల్‌కతా వెళ్ళే ప్రయాణికుడికి విమానాశ్రయంలో చేత్తో రాసి ఇచ్చిన బోర్డింగ్ పాస్ చిత్రాన్ని మనవాళ్ళలో చాలామంది చూసే ఉంటారు. వేలాదిమంది సాంకేతిక సిబ్బంది ఒక్కొక్క యంత్రం దగ్గరికి వెళ్ళి, సేఫ్ మోడ్‌లోకో రికవరీ కమాండ్ ప్రాంప్ట్‌లోకో ప్రవేశించి, ఆ ఒక్క ఫైలును తీసేయవలసి వచ్చింది. ఇప్పుడు నేను వివరిస్తున్న దారీ అదే.

ఆ అనుభవం తరువాత మైక్రోసాఫ్ట్ క్విక్ మెషీన్ రికవరీ అనే కొత్త సదుపాయాన్ని 2024 నవంబరులో ప్రకటించి, 2025లో విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌కు అందించింది. ప్రారంభం కాలేని యంత్రం రికవరీలోనే ఇంటర్నెట్‌కు కలిసి, ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ దగ్గర పరిష్కారం ఉంటే తెచ్చుకుని వేసుకుంటుంది. హోమ్ ఎడిషన్‌లో ఇది ముందే ఆన్‌లో ఉంటుంది. తంతి ద్వారా వచ్చే నెట్ గాని, మామూలు పాస్‌వర్డ్ వైఫై గాని ఉండాలి. హాస్టళ్ళలో బ్రౌజర్‌లో లాగిన్ అయ్యే తరహా వైఫై దీనికి పనికిరాదు. ఆలోచన మంచిదే, అయితే లక్షలాది యంత్రాలను ఒకేసారి దెబ్బతీసే లోపాల కోసం చేసిన ఏర్పాటు ఇది. మీ ఒక్కరి ల్యాప్‌టాప్‌లో చెడిపోయిన ఫైలుకు దీనినుంచి మందు దొరుకుతుందని ఆశించకూడదు.

ఇక ఈ సాధనాలన్నిటికీ తలుపు దగ్గరే అడ్డుపడే విషయం బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని ఫైళ్ళను కీ లేకుండా చదవలేని రూపంలోకి మార్చే (ఎన్‌క్రిప్ట్ చేసే) విండోస్ భద్రతా ఏర్పాటు. రికవరీలో కమాండ్ ప్రాంప్ట్ తెరవాలన్నా, సేఫ్ మోడ్‌లోకి పోవాలన్నా, డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. మేమెప్పుడూ బిట్‌లాకర్ పెట్టుకోలేదే అని అందరూ ఆశ్చర్యపోతారు. 24హెచ్2 నుంచి కొత్తగా అమర్చిన యంత్రాలలో, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు, హోమ్ ఎడిషన్‌లో కూడా డివైస్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే మొదలవుతుంది. ల్యాప్‌టాప్ దొంగల పాలైతే ఫైళ్ళు పరాయివారి చేతికి చిక్కకుండా ఉండడానికి ఇది మంచి రక్షణే, దీన్ని నేను తప్పుపట్టను. కానీ మన ఇళ్ళలో మైక్రోసాఫ్ట్ ఖాతా ఎలా పుడుతుందో ఆలోచించాలి. ల్యాప్‌టాప్ కొన్నరోజున షాపులోని అబ్బాయి ఏదో ఒక ఈమెయిల్‌తో ఖాతా తెరిచి ఇచ్చి ఉంటాడు, లేదా అమెరికాలో ఉన్న కొడుకో కూతురో సెలవులకు వచ్చినప్పుడు తమ ఖాతాతో పెట్టి వెళ్ళి ఉంటారు. ఆ కీ భద్రంగా ఉండేది ఆ ఖాతాలోనే. ఆ ఈమెయిల్ ఏదో తెలియకపోతే, పాస్‌వర్డ్ మరిచిపోయి మార్చుకోలేకపోతే, ఆ డిస్క్‌లోని ఫైళ్ళను తీయడం దాదాపు అసాధ్యం.

కీ అడిగినప్పుడు కంగారుపడి రీసెట్ నొక్కవద్దు. ఆ తెర మీద కీ ఐడీ అని కొన్ని అక్షరాలు కనిపిస్తాయి. ఫోన్ నుంచి మైక్రోసాఫ్ట్ ఖాతా వెబ్‌సైట్‌లోకి ప్రవేశించి, డివైసెస్ విభాగంలో రికవరీ కీల పేజీ తెరిస్తే, ఆ ఐడీతో సరిపోయే కీ అక్కడ ఉంటుంది. ఇంట్లో ఎవరెవరి ఖాతాలు ఆ యంత్రంలో వాడారో అందరివీ వెతకాలి. కాలేజీ, ఆఫీసు ఇచ్చిన ఖాతా అయితే వారి ఐటీ విభాగాన్ని అడగాలి. బయోస్ మార్పులప్పుడు, మదర్‌బోర్డు మార్చినప్పుడు కూడా ఈ కీ అడగవచ్చు కాబట్టి, ఇప్పుడు బాగా నడుస్తున్న ల్యాప్‌టాప్ ఉన్నవారు ఆ 48 అంకెలను ఈ రోజే కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు పెట్టుకోవాలని నా గట్టి విన్నపం. కొనుగోలుదారుకు మొదటిరోజే ఈ కీ చూపించి, రాసుకొమ్మని అడిగే ఏర్పాటు విండోస్ చేయకపోవడం ఈ మొత్తం వ్యవస్థలో అతి పెద్ద లోటు.

కమాండ్ ప్రాంప్ట్‌లో చేయదగిన మరమ్మతులు ఇంకా కొన్ని ఉన్నాయి. విండోస్ ఫైళ్ళను పరీక్షించి సరిదిద్దే సిస్టమ్ ఫైల్ చెకర్‌ను రికవరీ నుంచి నడిపేటప్పుడు విండోస్ ఉన్న డ్రైవ్ చిరునామాను కూడా ఇవ్వాలి, లేకపోతే అది అసలు విండోస్‌ను వదిలేసి రికవరీ వ్యవస్థనే పరీక్షించబోతుంది. అప్‌డేట్ సగంలో ఆగినప్పుడు డిజ్మ్ అనే విండోస్ మరమ్మతు సాధనంలోని, పెండింగ్ చర్యలను వెనక్కి తీసుకునే ఆదేశం బాగా పనిచేస్తుంది. బూట్ ఫైళ్ళు పోతే బీసీడీబూట్ వాటిని కొత్తగా రాస్తుంది. పాత సలహాలతో మాత్రం జాగ్రత్త అవసరం. బూట్‌రెక్ ఫిక్స్‌బూట్ అన్న ఆదేశం కొత్త యంత్రాలలో తరచుగా అనుమతి లేదన్న జవాబుతో ఆగిపోతుంది. రెగ్‌బ్యాక్ ఫోల్డర్ నుంచి రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగ్స్ అన్నీ ఉండే భాండాగారం) కాపీ తెచ్చి పెట్టమనే సలహా మరింత ప్రమాదకరం. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి ఆ ఫోల్డర్‌లో మామూలుగా ఖాళీ ఫైళ్ళే ఉంటాయి, వాటిని అసలు వాటి మీద పెడితే ఉన్నది కాస్తా పోతుంది. యంత్రాన్ని పాత తేదీ నాటి స్థితికి తీసుకెళ్ళే సిస్టమ్ రీస్టోర్ కూడా మెనూలో ఉంది గాని, ముందుగా ఆన్ చేసి ఉంచుకున్నవారికే అది అక్కరకొస్తుంది.

అన్నీ విఫలమైతే మిగిలేది రీసెట్ దిస్ పీసీ. కీప్ మై ఫైల్స్ ఎంచుకుంటే వాడుకరి ఫోల్డర్లలోని ఫైళ్ళు ఉంటాయి, ప్రోగ్రాములన్నీ పోతాయి. టాలీ, తెలుగు డీటీపీ సాఫ్ట్‌వేర్ వంటివి మళ్ళీ వేసుకోవాలి కాబట్టి వాటి లైసెన్సు వివరాలు చేతిలో ఉండాలి. విండోస్‌ను ఇంటర్నెట్ నుంచి కొత్తగా దింపుకునే క్లౌడ్ డౌన్‌లోడ్‌కు సుమారు నాలుగు జీబీ డేటా ఖర్చవుతుంది, అయినా ఫైళ్ళే చెడిపోయిన యంత్రానికి అదే మేలు. రికవరీ పేజీలో ట్రబుల్‌షూట్ నొక్కగానే అన్నిటికంటే పైన పెద్దగా కనిపించేది ఈ రీసెట్టే. చివరగా చేయవలసిన పనిని మొదటి వరుసలో పెట్టి, సేఫ్ మోడ్‌ను నాలుగు అడుగుల లోపల దాచడం నాకు ఏమాత్రం నచ్చని అమరిక.

ఈ సాధనాలు కూడా చెడిపోతాయన్నది మరో సంగతి. 2024 జనవరిలో వచ్చిన ఒక భద్రతా అప్‌డేట్, రికవరీ పార్టిషన్‌లో చోటు చాలక ఎన్నో విండోస్ 10 యంత్రాలలో విఫలమైంది. దానికి అదనంగా 250 ఎంబీ చోటు చేయమని మైక్రోసాఫ్ట్ వాడుకరులకే చెప్పవలసి వచ్చింది. 2025 అక్టోబరు అప్‌డేట్ తరువాత విండోస్ 11 రికవరీ పేజీలో యూఎస్‌బీ కీబోర్డులు, మౌస్‌లు పనిచేయడం మానేశాయి. ఆపదలో తెరిచే పేజీలో ఏ మీటా నొక్కలేని స్థితి అది. కొద్ది రోజులకే, అక్టోబరు 20న, ప్రత్యేక అప్‌డేట్‌తో దాన్ని సరిదిద్దారు. మీ యంత్రంలో రికవరీ సజీవంగా ఉందో లేదో చూడాలంటే, అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రీఏజెంట్‌సీ ఇన్ఫో (reagentc /info) అన్న ఆదేశం ఇస్తే ఎనేబుల్డ్ అని రావాలి.

డిస్క్‌లోని రికవరీ రాకపోయినా పని ఆగకుండా ఉండాలంటే, కనీసం ఎనిమిది జీబీ పెన్‌డ్రైవ్ మీద మైక్రోసాఫ్ట్ మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్ ఇన్‌స్టలేషన్ మీడియా తయారు చేసి ఉంచుకోవాలి. ఆ పనికి పెన్‌డ్రైవ్‌లోని పాత ఫైళ్ళన్నీ చెరిగిపోతాయి కాబట్టి ఖాళీది తీసుకోవాలి. స్నేహితుడి యంత్రం మీద తయారు చేసుకున్నా ఫరవాలేదు. దానినుంచి బూట్ చేసి, ఇన్‌స్టాల్ వైపు పోకుండా రిపేర్ అన్న మాట ఉన్న అంశాన్ని ఎంచుకుంటే, పైన వివరించిన సాధనాలలో చాలావరకు, కమాండ్ ప్రాంప్ట్‌తో సహా, అక్కడ దొరుకుతాయి.